పడిపోని చేతులు

లాండ్రీలో ఆవిడని అందరూ అమ్మో అక్క అంటారు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంది గానీ, దాన్ని చదివేది మేనేజరు ఒక్కడే, అదీ మనసులో. కూర్చుంటే అమ్మో, లేస్తే అమ్మో, కూర్చోనా లేవనా అని ఆలోచిస్తున్నంతసేపూ చిన్న గొంతుతో అమ్మో అమ్మో. పోనీ జబ్బేమైనా ఉందా అంటే అదీ లేదు. ముప్పై తొమ్మిదేళ్ళ మనిషి, గుండ్రాయిలా ఉంటుంది. ఇద్దరు మోయాల్సిన తడి దుప్పట్ల గంపని ఒక్కతే ఎత్తి బల్ల మీద పెడుతుంది. పెట్టి, నడుము విరిగిపోయిందమ్మా అంటుంది. ఆ విరిగిన నడుముతోనే రెండో గంపకి వంగుతుంది.

ఆవిడ పని రోలర్ మెషిను దగ్గర. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ దుప్పట్లు తడితడిగా ఒకవైపు నుంచి లోపలికి పోయి, వేడి రోలర్ల మధ్య నలిగి, అవతలివైపు కాగితాల్లా బయటికొస్తాయి. వచ్చిన దుప్పటిని ఇద్దరు చెరో అంచూ పట్టుకుని, ఒక్కసారి విదిలించి, కొసకి కొస కలిపి, ఒకరివైపు ఒకరు నడుస్తూ మడత పెట్టాలి. రోజుకి నాలుగైదు వందల దుప్పట్లు. గది నిండా ఆవిరి, సబ్బు వాసన, మెషిను మోత. కష్టమే, కాదనడం లేదు. కానీ అదే కష్టం పడే మిగతా పదకొండు మందీ దాని గురించి సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో మాట్లాడుకుంటారు. అమ్మో అక్క పొద్దున్న పనికొచ్చే బస్సులోనే మొదలుపెడుతుంది.

ఇంట్లోనూ అంతే. భర్త తాళాలు బాగుచేస్తాడు. వీధి చివర ఒక మేడ మెట్ల కింద ఆయన కొట్టు, నిలబడితే తల తగిలేంత ఇరుకు. ఏది అడిగినా వెంటనే చెప్పడు. తాళంలో చెవి పెట్టి అటూ ఇటూ తిప్పి చూసినట్టు, లోపల కాసేపు తిప్పుకుని అప్పుడు చెబుతాడు. ఆ కాసేపట్లో ఆవిడ ప్రాణం విసిగిపోతుంది. అత్తగారికి చెవులు సరిగా వినబడవు కనక రేడియో పక్కింటివాళ్ళకి కూడా పనికొచ్చేంత గట్టిగా పెడుతుంది. కూతురు బడి చదువు ఆఖరి ఏడాదిలో ఉంది, ఎవరేం చెప్పినా ముందు నవ్వి తర్వాత వింటుంది. ఈ ముగ్గురిలో ఎవరికీ అమ్మో అక్క బాధలు వినే ఓపిక లేదు. వినే మనిషి ఒక్కతే ఉంది, సముద్రం అవతల.

పదిహేడేళ్ళప్పుడు ఒక పత్రికలో కలం స్నేహాల పేజీ చూసి, అందులో తన ఈడు పిల్ల అడ్రసు ఒకటి ఏరి రాసిన ఉత్తరంతో మొదలైందది. ఇరవై రెండేళ్ళయినా ఆగలేదు. అవతలావిడ గాజు ఫ్యాక్టరీలో పలకలు కోసే పనిలో ఉండేది. పెళ్ళి చేసుకోలేదు, రొట్టెల దుకాణం పైన ఒక గదిలో ఒక్కతే ఉంటుంది. ఇద్దరిదీ ఒక భాష కాదు. ఇద్దరికీ బళ్ళో బలవంతాన నేర్పిన మూడో భాష ఒకటుంది, దాంట్లో రాసుకుంటారు. భర్త ఆటపట్టించడానికి ఆవిడని నీ సముద్రపు చెల్లెలు అంటాడు.

ఆ చెల్లెలి ఉత్తరాలు చిన్నవి. ఉన్నదేదో ఉన్నట్టు రాస్తుంది. వాన పడింది. గదికి సున్నం వేయించాను. నాన్న పోయారు, నిద్రలో, బాధ లేకుండా. అంతే. మన ఆవిడవి మాత్రం కవరు ఉబ్బేంత ఉత్తరాలు. మనసులో మన భాషలో అనుకుంటుంది, అట్ట ఊడిపోయిన నిఘంటువు ముందు పెట్టుకుంటుంది, ఒక్కో మాటకీ ఒక్కో మాట వెతికి, ఇటుక మీద ఇటుక పేర్చినట్టు పేర్చేస్తుంది. మా అత్తగారు పొద్దున్నించీ నా తల తింటోంది. రేడియో మోతకి నా చెవులు చిల్లులు పడ్డాయి. మేనేజరు నా ప్రాణం తోడేస్తున్నాడు. నీ ఉత్తరం కోసం ఎదురుచూసి నా కళ్ళు కాయలు కాశాయి. పిల్లని బడిలో చేర్పించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇవన్నీ ఆ మూడో భాషలోకి మాటకి మాటగా దిగి, తపాలా బిళ్ళలంటించుకుని, ఓడెక్కి వెళ్ళిపోయేవి.

అవతలి నుంచి వచ్చే జవాబుల్లో ఒక్కోసారి వింత ప్రశ్నలుండేవి. కళ్ళలో కాయలకి డాక్టరు ఏమన్నాడు? మీ అత్తగారికి ఆ జబ్బు ఎప్పటినుంచి? అమ్మో అక్క వాటిని చదివి, పాపం దానికి భాష సరిగా రాదు అనుకునేది. కానుకలు కూడా వచ్చేవి. ఒకసారి చెవుల్లో వేసుకునే మందు సీసా. ఇంకోసారి జానెడు వెడల్పున్న గట్టి గుడ్డ పటకా, దానికి వరసగా కొక్కేలు. ఆ దేశంలో ఇదో ముచ్చట కాబోలనుకుని భర్తకిచ్చేసింది. ఆయన దాన్ని పనిముట్ల పెట్టెకి చుట్టి కట్టుకున్నాడు.

రెండేళ్ళ కిందట అవతలావిడ ఇలా రాసింది. ‘గాజు పలక జారింది. కుడి చెయ్యి ఇప్పుడు పనిచేయదు. ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు బాగోకపోతే క్షమించు. ఫ్యాక్టరీలో లెక్క చూసుకునే పని ఇచ్చారు, మంచివాళ్ళు.’ అమ్మో అక్క ఆ ఉత్తరం చదివి ఏడ్చింది, అబద్ధం ఎందుకు. అరపేజీ ఓదార్పు రాసింది. ఆ తర్వాత మూడు పేజీలు కొత్తగా వచ్చిన రోలర్ మెషిను గురించి రాసింది.

ఇక అసలు సంగతి. మొన్న వేసవిలో ఆ మెషినే పాడైపోయి, పది రోజులు దుప్పట్లన్నీ చేత్తో ఇస్త్రీ చేయాల్సొచ్చింది. ఆ ఆదివారం అమ్మో అక్క ఉత్తరం రాయడానికి కూర్చుంది. నా రెండు చేతులూ పడిపోయాయి అని మనసులో అనుకుంది. పడు అన్న మాట కోసం నిఘంటువు తిరగేస్తే, ఎన్నడూ లేనిది, చెయ్యి పడిపోవు అని మొత్తం మాటే కనబడింది. ఎదురుగా ఒకే ఒక్క మాట, పొడుగ్గా, గంభీరంగా. ఇరవై రెండేళ్ళకి ఈ పుస్తకం నా మాట అర్థం చేసుకుంది అని మురిసిపోయి ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా దించేసింది. అది డాక్టర్లు పక్షవాతానికి వాడే మాట.

జవాబు ఒక శనివారం సాయంత్రం వచ్చింది. అమ్మో అక్క అప్పుడే పని నుంచొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. లేచే ఓపిక లేక కూతుర్నే చదివి పెట్టమంది. ఉత్తరంతో పాటు ఏదో ఆసుపత్రి కాగితం కూడా ఉంది. కూతురు నిఘంటువు పక్కన పెట్టుకుని, అలవాటుగా నవ్వుతూ మొదలుపెట్టింది.

‘ప్రియమైన మిత్రురాలికి. నీ రెండు చేతులూ పడిపోయాయని చదివాను. మూడు రోజులు అన్నం తినబుద్ధి కాలేదు. ఉత్తరం రాసిపెట్టిన నీ కూతురికి కృతజ్ఞతలు. ఆ పిల్ల చేతిరాత అచ్చం నీ చేతిరాతే.’

“నేనెప్పుడు రాశానమ్మా?” అంది కూతురు.

“ఏమో, చదువు ముందు.”

‘ఇక్కడి ఆసుపత్రికి ఏడాదికోసారి ఒక పెద్ద డాక్టరు వస్తారు. పనిచేయని చేతుల్ని ఆపరేషను చేసి బాగుచేస్తారు. పదిమందినే తీసుకుంటారు. ఈసారి ఆ పదిమందిలో నేనున్నాను. ఆయనతో నీ సంగతి చెప్పాను. ఒక పేరు తీసి ఇంకో పేరు పెట్టవచ్చన్నారు. నాకు ఒక చెయ్యి ఉంది. నీకు ఒక్కటీ లేదు. అందుకని వచ్చే నెల ఏడో తేదీ శుక్రవారం నా పేరు తీయించి నీ పేరు రాయించి సంతకం పెడతాను. నువ్వు నెలాఖరులోపు వస్తే చాలు. ప్రయాణం సంగతి ఫ్యాక్టరీలో అందరం కలిసి చూస్తున్నాం. నువ్వు చాలా ఏళ్ళుగా చాలా బాధలు పడ్డావు. నడుము, చెవులు, కళ్ళు. నేను ఏమీ చేయలేకపోయాను. ఇది చేయగలను. భయపడకు.’

కూతురు నవ్వడం ఎప్పుడు ఆపేసిందో అమ్మో అక్క గమనించలేదు. తన కాళ్ళు ఎప్పుడు ముడుచుకుందో కూడా గమనించలేదు. లోపల గదిలో రేడియో మోగుతూనే ఉంది.

“అమ్మా,” అంది కూతురు. “ఇన్నేళ్ళూ నువ్వు ఏమేం రాశావు ఈవిడకి?”

“ఏం రాస్తానే, అందరూ అనేదే. నడుము విరిగిందనీ, తల తింటున్నారనీ.”

“మాటకి మాట పెట్టేశావా?”

“మరెలా పెడతారు?”

కూతురు తల పట్టుకుంది. “అమ్మా, ఈవిడ అవన్నీ నిజమే అనుకుంది. నీ నడుము నిజంగా విరిగిందనుకుంది. ఆ పటకా నీ నడుముకి పంపింది.”

పటకా అంటే గుర్తొచ్చి ఇద్దరూ తలుపు పక్కనున్న పనిముట్ల పెట్టె వైపు చూశారు. దాన్నిప్పుడు చూస్తే ఎంత చక్కటి నడుం పట్టీయో తెలుస్తూనే ఉంది.

“మరి తల ప్రాణం తోకకొచ్చిందని రాశాను కదే,” అంది అమ్మో అక్క మెల్లగా. “ఇన్నేళ్ళుగా నాకు తోకుందనుకుంటోందా?”

ఆ పూట వాళ్ళింట్లో ఎవరూ సరిగా తినలేదు. విషయం విని అత్తగారు రేడియో కట్టేసింది. తేదీలు లెక్క చూస్తే సంతకానికి పదమూడు రోజులుంది. ఉత్తరం రాస్తే చేరడానికి ఇరవై రోజులు.

మర్నాడు ఆదివారం. అమ్మో అక్క మంచం కింది పెట్టె లాగి, ఇరవై రెండేళ్ళ ఉత్తరాలూ గచ్చు మీద పరుచుకుంది. తన సొద రాసుకునే తొందరలో ఒక్కసారి చదివి మడిచి పెట్టేసినవే అన్నీ. ఇప్పుడు నెమ్మదిగా చదివింది. గదికి సున్నం వేయించాను అన్న ఉత్తరంలోనే, కిందటి నెల పైకప్పు సగం కూలిందని ఉంది. కొత్త అద్దం పెట్టించాను అన్నచోట, పాతది తుఫానుకి పోయిందని ఉంది. ఏ బాధ రాసినా దాని పక్కనే బాగుపడిన సంగతి కూడా ఉంది. ఆరు నెలల కిందటి ఉత్తరంలో అడుగున ఒక్క వాక్యం కనబడింది. ‘ఈ ఏడాది ఆపరేషను కాకపోతే కండరం ఎండిపోతుందనీ, తర్వాత చేసినా లాభం లేదనీ చెప్పారు. ఈసారి పిలుస్తారనే అనుకుంటున్నాను.’ ఈ వాక్యానికి తనేం జవాబు రాసిందో గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. ఏమీ రాయలేదు.

అక్కడే గచ్చు మీద కూర్చుని ఆవిడ చాలాసేపు ఏడ్చింది. ఈ ఏడుపులో అమ్మో లేదు. తనకి సిగ్గుగా ఉంది, భయంగా ఉంది. ఒక మనిషికి ఉన్న ఒకే ఒక్క దారి తన నోటి దురద వల్ల మూసుకుపోయేలా ఉంది. ఆ నోటిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

సోమవారం పొద్దున్నే తల్లీకూతుళ్ళు టెలిగ్రాం ఆఫీసుకి వెళ్ళారు. ఫారం తీసుకుని అమ్మో అక్క తనే రాస్తానంది. నీ ఉత్తరం చూసి నా గుండె ఆగిపోయింది అని రాసింది.

కూతురు ఆ కాగితాన్ని లాక్కుంది. “ఇది పంపావంటే ఆవిడ నీకోసం గుండె డాక్టర్ని మాట్లాడుతుంది.”

రెండో ఫారంలో, సిగ్గుతో చచ్చిపోయాను అని రాసింది.

“చచ్చిపోయినావిడ టెలిగ్రాం ఇవ్వదమ్మా.”

మూడో ఫారం ముందు పెట్టుకుని అమ్మో అక్క చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. ఉన్నదేదో ఉన్నట్టు రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో ఆవిడకి తెలియదు. పైకీ కిందికీ పోకుండా మాట నేల మీద నిలబడాలి. ఆఖరికి ఇలా రాసింది. ‘నా చేతులు రెండూ బాగున్నాయి. నా ఒళ్ళంతా బాగుంది. మా భాషలో విరగనివి కూడా విరిగాయంటాం. సంతకం పెట్టకు. ఆపరేషను నువ్వే చేయించుకో.’

గుమాస్తా మాటలు లెక్కపెడుతూ మూడో వాక్యం దగ్గర ఆగాడు. “ఇది సరిగానే ఉందామ్మా? విరగనివి విరిగాయంటారా?”

“అంటాం బాబూ,” అంది అమ్మో అక్క. “మీరనరా?”

గుమాస్తా ఆలోచించి, కిందటి రాత్రి పంటి నొప్పికి తను ఏమేం అన్నాడో గుర్తొచ్చి కాబోలు, ముద్ర కొట్టాడు.

ఆ మూడు రోజులూ లాండ్రీలో అమ్మో అక్క నోరు విప్పలేదు. దుప్పటి రెండో అంచు పట్టుకునే ఆవిడకి భయమేసి, ఒంట్లో బాగోలేదా అక్కా అని అడిగింది. బాగుందనే చెప్పింది. చెప్పి తన చేతుల వంక చూసుకుంది. ఆవిరికి ఎర్రబడి, వేళ్ళ కొసలు ముడతలు పడి, అవి దుప్పటి కొసల్ని వాటంతట అవే కలుపుతున్నాయి. చెప్పకుండానే పనిచేసుకుపోతున్నాయి. రోజుకి నాలుగైదు వందలసార్లు జరిగే ఈ పనిని ఒక్కసారైనా చూడలేదు ఆవిడ.

గురువారం జవాబు వచ్చింది. ‘నువ్వు చాలా మంచిదానివి. నీలాంటివాళ్ళు ఇలాగే అంటారు. డాక్టరు గారికి చూపిస్తే ఆయన కూడా అదే అన్నారు. ఏడో తేదీ శుక్రవారం సంతకం పెడతాను.’

“నమ్మలేదు,” అంది కూతురు.

“నిజం చెప్పినా నమ్మలేదే,” అంది అమ్మో అక్క. “ఇరవై రెండేళ్ళకి ఒక్కసారి బాగున్నానని చెప్పాను, అదీ అబద్ధమనుకుంది.”

ఆ రోజు భర్త కొట్టు మూసి వచ్చి, టెలిగ్రాం చదివించుకుని, కుర్చీలో కూర్చుని ఆలోచించాడు. తల్లీకూతుళ్ళు ఏడుస్తూనే ఉన్నారు. చాలాసేపటికి నోరు విప్పాడు.

“ఆ ఆసుపత్రి కాగితం మీద పైన ఫోను నంబరుంది.”

“ఎప్పుడు చూశారు?” అంది అమ్మో అక్క.

“శనివారం.”

“శనివారం చూసి గురువారం చెబుతారా?”

“టెలిగ్రాం పనిచేస్తుందేమోనని చూస్తున్నాను,” అన్నాడాయన. “అక్కడి ఫోను దగ్గర ఆవిడ ఉండాలి కదా. ఫలానా రోజు ఫలానా టైముకి అక్కడుండమని ఇంకో టెలిగ్రాం ఇయ్యి. మిగతాది నువ్వే మాట్లాడు. ఆవిడ చదివింది నీ రాతే. నీ గొంతు వినలేదు.”

బుధవారం నాడు, అక్కడ పొద్దున్న పదింటికి, ఇక్కడ మధ్యాహ్నం రెండున్నరకి అని ఖాయమైంది. ముగ్గురూ రెండింటికే టెలిఫోను ఆఫీసులో కూర్చున్నారు. పొడుగాటి హాలు, గోడ వారగా అద్దాల గదులు, బెంచీల మీద ఇరవై మంది. పిలిచేదాకా అమ్మో అక్క కాగితం మీద రాసుకున్న మూడో భాష మాటల్ని పెదవులతో తిప్పుకుంటూనే ఉంది. నాలుగో నంబరు గది అని పిలిచారు. తల్లీకూతుళ్ళు లోపలికి వెళ్ళారు. భర్త బయట, ఆవిడ సంచీ, ఆవిడ గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

ఫోనులో ముందు గాలి, తర్వాత ఎవరెవరివో గొంతులు. ఆ తర్వాత ఒక సన్నటి గొంతు, చాలా దగ్గరగా. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి వింటున్న గొంతు. అమ్మో అక్క రాసుకున్నదంతా మర్చిపోయింది.

“నేను,” అంది. “బాగున్నాను. చేతులు బాగున్నాయి.”

“నువ్వు మంచిదానివి,” అంది అవతలి గొంతు, మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా. “ఫోను ఎవరు పట్టుకున్నారు?”

“నేనే. నా చెయ్యి.”

“నీ కూతురు పట్టుకుంది. నాకు తెలుసు. నువ్వు భయపడకు. ఎల్లుండి సంతకం పెడతాను.”

కూతురు నిఘంటువు తిరగేస్తోంది గానీ, ఇలాంటి మనిషిని నమ్మించే మాట ఏ పేజీలో ఉంటుంది? బయట ఆపరేటరు నిమిషాలు చూసుకుంటోంది. అమ్మో అక్క ఫోను కూతురి చేతికిచ్చి, తన రెండు చేతుల దగ్గరికి పట్టుకోమని సైగ చేసింది. అప్పుడు చప్పట్లు కొట్టింది.

రోజుకి నాలుగైదు వందల దుప్పట్లు విదిలించే చేతులవి. ఆ చిన్న అద్దాల గదిలో ఆ చప్పుడు తుపాకీ పేలినట్టు పేలింది. హాల్లో ఇరవై మందీ తిరిగి చూశారు. ఒకాయన బెంచీ మీంచి లేచి నిలబడ్డాడు. ఆవిడ ఆపలేదు. ముఖం మీద నీళ్ళు కారిపోతుంటే, తుడుచుకోవడానికి కూడా ఆపకుండా, అరచేతులు ఎర్రబడేదాకా కొట్టింది.

అప్పుడు ఆపి, కూతురి చేతిలోని ఫోనుకి చెవి ఆనించింది.

“ఇంకోసారి,” అంది ఆ గొంతు.

ఇంకోసారి కొట్టింది.

“నీ కూతురు కాదు కదా?”

“నేను ఫోను పట్టుకున్నానండీ,” అని కూతురు మన భాషలోనే అనేసి, నాలిక్కరుచుకుని, మూడో భాషలో మళ్ళీ చెప్పింది.

అమ్మో అక్క ఫోను తీసుకుంది. అవతలావిడ ఊపిరి వినబడుతోంది.

“నడుము?” అని అడిగింది అవతలావిడ.

“బాగుంది. ఎప్పుడూ విరగలేదు.”

“చెవులు?”

“బాగున్నాయి. నువ్వు మాట్లాడేది వినబడుతోంది.”

“కళ్ళలో కాయలు?”

“లేవు. కళ్ళు బాగున్నాయి.”

ఒక్కొక్కటే చెబుతుంటే అమ్మో అక్కకి వింతగా అనిపించింది. అబద్ధం చెబుతున్నందుకు కాదు. ఇన్ని బాగున్నాయని ఆవిడ ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు, తనకి తను కూడా చెప్పుకోలేదు. అవతలావిడ గొంతు తగ్గించింది.

“ఇది అడగడానికి సిగ్గుగా ఉంది. ఒక ఉత్తరంలో తోక అని రాశావు.”

“లేదు,” అంది అమ్మో అక్క. “తోక లేదు. నిజంగా లేదు.”

అప్పుడు అవతల నవ్వు వినబడింది. చిన్నగా మొదలై పెద్దదైంది. ఆ ఊళ్ళో, ఆ ఆసుపత్రిలో, ఫోను చుట్టూ ఇంకెవరెవరో కూడా ఉన్నట్టున్నారు, వాళ్ళకి ఆవిడ తన భాషలో ఏదో చెప్పింది, వాళ్ళూ నవ్వారు. ఇక్కడ అమ్మో అక్క కూడా ఏడుపు మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టింది. గుండెల మీంచి పెద్ద బరువు దిగిపోయింది.

“నీ భర్త?” అని అడిగింది అవతలావిడ నవ్వాపుకుని. “నీ ప్రాణం తీస్తున్నాడని రాశావు. పోయిన ఏడాది.”

అమ్మో అక్క అద్దంలోంచి బయటికి చూసింది. సంచీ ఒక భుజానికీ గొడుగు ఇంకో చేతికీ తగిలించుకుని, లోపల ఏమవుతోందో తెలియక, ఆయన తలుపు పిడినే చూస్తూ నిలబడి ఉన్నాడు.

“తియ్యలేదు,” అంది. “చాలా మంచివాడు.”

ఆపరేటరు, ఇంకో అరనిమిషం అని మధ్యలో దూరి చెప్పింది. అవతలావిడ తొందరపడలేదు. ఎప్పటిలాగే ఉన్నదేదో ఉన్నట్టు, ఒక్కో మాటా విడివిడిగా అడిగింది.

“అయితే ఆ ఆపరేషను నేనే చేయించుకోనా?”

ఆ మాట వినగానే అమ్మో అక్కకి రాసుకున్న కాగితం, నిఘంటువు, మూడో భాష, ఏవీ గుర్తు రాలేదు.

“చేయించుకో తల్లీ,” అంది మన భాషలోనే. “నీదే అది. చేయించుకో.”

“సరే,” అంది అవతలావిడ, ఆ మాట ఎవరూ తర్జుమా చేసి చెప్పకుండానే.